రెండున్నర ప్యాకెట్ల ప్రాణం

నేను ఒక నిత్యమృతుడిని. ఎంతటి మహానుభావుడైనా జీవితంలో ఒక్కసారి మాత్రమే పొందగలిగే మరణాన్ని నేను పనిదినాల్లో రోజుకు పద్నాలుగు సార్లు, భోజన విరామం మినహాయించి, పొందుతూ వచ్చాను. నా ప్రస్తుత యజమాని అంచనా ప్రకారం ఇప్పటికి నా గుండె పన్నెండు వేల పైచిలుకు సార్లు ఆగింది. ఆగడానికి నాకు అసలు గుండె లేదన్నది చిన్న విషయం. లేని గుండె ఆగిందనగానే ఇరవైమంది బారులు తీరి, నన్ను బతికించడానికి పోటీ పడతారు. ఉన్న గుండె ఆగినప్పుడు మీ మనుషులు ఏం చేస్తారో కాసేపట్లో చెబుతాను.

ఆగిన గుండెను ఛాతీ నొక్కి ఆడించే సీపీఆర్ నేర్పడానికీ, నేర్చుకున్నవారిని పరీక్షించడానికీ చేసిన బొమ్మను నేను. శిరస్సు నుంచి నడుము వరకే ఉంటాను. గుండె ఆగినవాడికి కాళ్లూ చేతులతో పని ఉండదని తాత్త్వికంగా తేల్చుకున్న నా నిర్మాతలు వాటికి అచ్చు పోయలేదు. నా చర్మం ఏ దేశపు మనిషికీ లేని గులాబీ రంగు. నా నోరు, సభలో ఏదో అడగబోయి మానుకున్న పెద్దమనిషి నోరులా, శాశ్వతంగా సగం తెరిచి ఉంటుంది. లోపల ఊపిరితిత్తులకు బదులు ఒక ప్లాస్టిక్ సంచీ, ఛాతీలో ఒక స్ప్రింగు. నడి ఛాతీ మీద అయిదు సెంటీమీటర్ల లోతుకు నొక్కితే ఆ స్ప్రింగు దగ్గర ‘టక్’మని ఒక శబ్దం వస్తుంది. తక్కువ నొక్కితే రాదు. ఆ మౌనం నా తిరస్కారం. ఆ టక్కు నా ఆశీర్వచనం. ఇంత స్పష్టంగా మాట్లాడే పెద్దలు మీలోనూ అరుదు.

నేను పుట్టిన కర్మాగారంలోనే బట్టల దుకాణాల బొమ్మలు కూడా పుట్టేవి. వరసకు నా అన్నదమ్ములే. వాళ్లకు పట్టుబట్టలు, దీపాల వెలుగు, వచ్చేపోయేవారి చూపులు. వాళ్లు నిలబడి బతుకుతారు, నేను పడుకుని చస్తాను. అయినా నాకు అసూయ లేదు. వాళ్ల ఛాతీ మీద ఇంతవరకు ఎవరూ చెమటోడ్చలేదు.

నా తొలి కొలువు ఒక నగరంలోని పెద్ద ఆసుపత్రి. నన్ను అద్దాల గదిలో ప్రతిష్ఠించారు. ప్రారంభోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి రెండు వేళ్లతో నా ఛాతీని, లిఫ్టు మీట నొక్కినట్టు నొక్కి, కెమెరా వైపు తిరిగి చిరునవ్వు నవ్వారు. నేను టక్కుమనలేదు. చప్పట్లు మాత్రం మోగాయి. ఆ తరవాత మూడేళ్లపాటు ఆ గది తాళం తీసినవారు లేరు. అక్కణ్ణుంచి ఒక ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లాను. అక్కడివారు నాకు నల్ల కళ్లజోడు, టోపీ పెట్టి వార్షికోత్సవాలన్నిటికీ తీసుకెళ్లారు. ప్రాణరక్షణ తప్ప తక్కిన రంగాలన్నిటిలోనూ నన్ను వినియోగించుకున్నారు.

చివరికి నేను చేరిన చేతులు పోడూరి త్రివిక్రమరావుగారివి. ఆయన సైన్యంలో వైద్య విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. ‘విశ్రాంతి’ అన్నది కాగితం మీది మాట. కర్మాగారాల్లో ప్రథమ చికిత్స పరీక్షలు నిర్వహించే ఒక సంస్థ ఆయన్ను పరీక్షాధికారిగా నియమించింది. అప్పటినుంచీ గోదావరి జిల్లాల్లో రోజూ ఎక్కడో ఒకచోట నన్ను చంపుతూ, బతికించే బాధ్యత ఇతరులకు అప్పగిస్తూ ఆయన తిరుగుతున్నారు. ప్రయాణమంతా బస్సులోనే. నన్ను పెట్టెలో పెడితే మెడ విరుగుతుందని పక్క సీట్లో కూర్చోబెట్టి, తుండుగుడ్డ కప్పేవారు.

“ఏంటండీ ఇది, మనిషా? లగేజీయా?” అని ఒకసారి కండక్టర్ అడిగాడు.

“రోగి,” అన్నారు త్రివిక్రమరావుగారు గంభీరంగా.

“రోగి అయితే ఫుల్ టికెట్టండి. సగమే ఉన్నాడు కాబట్టి హాఫ్ కొడతాను, సరేనా?”

“చనిపోయాడయ్యా.”

“అలాగైతే బస్సులో ఎక్కించకూడదు గదండీ!”

ఆ వాదంలో నెగ్గింది కండక్టరే. మనుషుల చట్టాల్లో నా స్థానం ఏమిటన్నది ఈనాటికీ తేలలేదు.

నాకొక సహోద్యోగి ఉన్నాడు, శిక్షణ కోసం తయారైన షాకు పెట్టె. దాని అసలు పేరు డీఫిబ్రిలేటర్. ఆగిపోబోతూ గిలగిల్లాడే గుండెకు విద్యుత్తుతో ఒక చరుపు చరిచి, మళ్లీ లయలో పెట్టే యంత్రం. కానీ నా సహోద్యోగి నకిలీ. రూపమూ, గొంతూ, మీటలూ అన్నీ అసలుదానిలాగే ఉంటాయి. “దూరంగా జరగండి! షాక్ ఇవ్వబడుతోంది!” అని చక్రవర్తిలా ప్రకటిస్తాడు. ఇచ్చేది మాత్రం ఏమీ లేదు. వాడి లోపల విద్యుత్తు గోడ గడియారాన్ని నడపడానికి కూడా చాలదు. ఇలాంటివారిని మీరూ చూసి ఉంటారు కనుక విస్తరించను.

త్రివిక్రమరావుగారి మహాస్త్రం ఇరవై అయిదు గడుల మార్కుల పత్రం. చుట్టూ ప్రమాదం లేదని చూసుకున్నాడా, ఒక మార్కు. భుజాలు తట్టి గట్టిగా పిలిచాడా, ఒక మార్కు. నూట ఎనిమిదికి ఫోను చేయమని ఫలానా మనిషికి చెప్పాడా, ఒకటి. ముప్పై నొక్కులూ రెండు ఊపిరులూ, లోతు, వేగం, నొక్కిన ప్రతిసారీ ఛాతీని మళ్లీ పూర్తిగా పైకి లేవనిచ్చాడా — ఇలా. రాతపరీక్ష వేరే. ‘రోగి ఊపిరి తీసుకోవడం లేదు, మీరు మొదట ఏం చేస్తారు?’ అన్న ప్రశ్నకు ఒక గుమాస్తా ‘పై అధికారికి విన్నవించుకుంటాను’ అని రాశాడు. ప్రాణాలు అలా కూడా పోతాయని నాకు అప్పుడే తెలిసింది.

పరీక్షకు ముందు ఆయన ఒక ప్రదర్శన ఇచ్చేవారు. సైన్యంలో నాటకాలు వేసిన మనిషి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఛాతీ పట్టుకుని, కళ్లు తేలేసి, దుప్పటి మీద నా పక్కన దభీమని పడిపోయేవారు. జనం కెవ్వుమనేవారు. ఓ పది సెకన్లు అలాగే ఉండి, ఒక కన్ను తెరిచి, “ఇలా పడతాడు. చూశారా? సినిమాలో మాదిరి డైలాగు చెప్పి పడడు!” అనేవారు. నవ్వులు, చప్పట్లు. పక్కన పడుకుని చూసేవాడిగా చెబుతున్నాను: నటనలో ఆయన నాకు ఏమాత్రం తీసిపోరు.

ఇక అసలు కథ. కాలువ గట్టున ఒక బిస్కట్ల కర్మాగారం ఉంది. గాలిలో వెన్న వాసన, నేల మీద పిండి, మనుషుల కనుబొమల మీద పంచదార పొడి. మరణించడానికి ఇంత రుచికరమైన చోటు నాకు మరొకటి దొరకలేదు. అక్కడ ప్రథమ చికిత్స గదిలో సహాయకుల ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. గదిలో ఒక బల్ల, ఒక మంచం, దూది, అయొడిన్, ఒక కుర్చీ. పరీక్ష నెగ్గినవారికే ఆ కుర్చీ.

ఆ కుర్చీ కోసం వచ్చింది నూకరత్నం. నలభై ఏళ్ల మనిషి. తొమ్మిదేళ్లుగా ప్యాకింగు బల్ల దగ్గర నిలబడి బిస్కట్లు పేరుస్తోంది. ప్యాకింగులో కూర్చోకూడదన్నది నియమం, కూర్చుంటే చెయ్యి మందగిస్తుందట. ఆవిడ రెండు మడమలూ అరిగిపోయాయి. ఇంకో ఏడాది నిలబడితే మంచాన పడతావని డాక్టరు చెప్పాడు. కనుక ఆవిడకు ఆ పరీక్ష అంటే పని మానేయడానికీ పని చేసుకోవడానికీ మధ్య ఉన్న ఒకే ఒక్క గుమ్మం. రాతలో ఇరవైకి పందొమ్మిది తెచ్చుకుంది. చేతులకు మైదా బస్తా పిసికే బలం ఉంది. పక్కనే తొమ్మిదేళ్లుగా బిస్కట్లు కోసే యంత్రం నిమిషానికి నూట పది దెబ్బలు కొడుతుంటే విన్న మనిషి కాబట్టి, వేగం అడగకుండానే వచ్చేసింది. నొక్కిన ప్రతిసారీ నేను టక్కుమని ఆశీర్వదించాను.

ఒకటి, రెండు, మూడు... పన్నెండు. అక్కడ ఆగింది. ఆగి, ఎడమ చేయి గాలిలోకి చాచి దేనికోసమో తడుముకుంది.

“ఏం వెతుకుతున్నావమ్మా?” అన్నారు త్రివిక్రమరావుగారు.

నూకరత్నం నాలిక కరుచుకుంది. “కాయితం కోసమండి.”

ప్యాకెట్టుకు పన్నెండు బిస్కట్లు. పన్నెండు పేర్చగానే ఎడమ చేయి రంగు కాగితం అందుకోవాలి, చుట్టాలి. తొమ్మిదేళ్లపాటు షిఫ్టుకు వెయ్యి సార్లు చేసిన పని. మెదడు ముప్పై అంటుంది, చేతులు పన్నెండుకే దుకాణం కట్టేస్తాయి. రెండోసారి చేసింది, మళ్లీ పన్నెండు, మళ్లీ గాలిలో చేయి. హాలంతా గొల్లుమంది. నెల తరవాత మళ్లీ పరీక్ష పెడితే అప్పుడూ పన్నెండే. పత్రం మీద ‘అనుత్తీర్ణత’ అని రెండుసార్లు పడింది. మూడోది ఆఖరి అవకాశం.

ఈ వినోదాన్ని అందరికంటే ఎక్కువగా ఆస్వాదించినవాడు సూపర్‌వైజర్ లింగేశ్వరరావు. కుర్చీ మీద ఆయన తోడల్లుడి తమ్ముడికి ఆశ ఉంది. అతగాడు ఇప్పటికే పరీక్ష నెగ్గి కూర్చున్నాడు, కానీ నూకరత్నం నెగ్గితే పాత మనిషి కనుక ఆవిడదే మొదటి హక్కు. లింగేశ్వరరావు కూడా ఏటా పరీక్ష రాసేవాడు. నా నోట్లో ఊదేముందు నా పెదవులను స్పిరిటుతో మూడుసార్లు తుడిచి, ఆపైన ప్లాస్టిక్ తెర పరిచి, ఆ తెరను కూడా ఒకసారి తుడిచేవాడు. నాకు ఎన్నడూ జలుబు కూడా చేయలేదని ఆయనకు చెప్పే వీలు లేకపోయింది.

“నూకరత్నం, ఆ బొమ్మను గూడా పన్నెండేసి పేర్చి డబ్బాలో పెట్టేస్తావేంటి?” అన్నాడు మూడో పరీక్షనాడు.

“పెట్టేస్తానండి. మీద మీ బొమ్మ అంటించి పంపిత్తే ఎవరూ కొనరని ఆలోచిస్తన్నా,” అంది ఆవిడ.

హాలు మళ్లీ గొల్లుమంది. కానీ ఆవిడ పెదవులు ముప్పై దాకా లెక్కపెట్టుకోవడం, కింద నుంచి చూసే నాకు కనిపించింది.

ఆ పరీక్ష కర్మాగారం భోజనశాలలో. బల్లలు గోడకు జరిపి, నడుమ దుప్పటి పరిచి నన్ను పడుకోబెట్టారు. వరసలో నిలబడి తన వంతు కోసం చూస్తున్న నూకరత్నానికి వెనకనున్న సత్యవేణి చెవిలో ఏదో గుసగుసలాడుతోంది. సత్యవేణి ఆవిడకు బల్ల దగ్గర జోడీ, పదేళ్లు చిన్నది.

“అక్కా, చెయ్యి పన్నెండుకి ఆగితే ఆగనీయవే. దాంతో గొడవెందుకు? ప్యాకెట్లే లెక్కెట్టు.”

“ఎన్ని పేకెట్లే?”

“రెండున్నర.”

నూకరత్నం వేళ్ల మీద లెక్క వేసుకుంది. పన్నెండూ పన్నెండూ ఇరవైనాలుగు. సగం ప్యాకెట్టు ఆరు. ముప్పై. నెలల తరబడి తన చేతుల మీద కత్తి కట్టి ఓడిపోయిన మనిషి ముఖం మీద, వాటితో రాజీ కుదిరిన వెలుగు నేను చూశాను. “ఓసి నీ తెలివి తెల్లారా! మొదటే చెప్పి చావచ్చు గదే!” అని సత్యవేణి వీపు మీద ఒక్కటిచ్చింది.

త్రివిక్రమరావుగారు అప్పటికే ప్రదర్శన ముగించారు. పడ్డారు, కన్ను తెరిచారు, చప్పట్లు అందుకున్నారు. ఇద్దరి పరీక్ష కూడా అయింది. మూడోవాణ్ణి పిలవబోతూ, చేతిలో పత్రంతో, ఆయన ఆగారు. ఎడమ చేతిని ఒకసారి విదిలించారు. “ఈ గదిలో గాలి...” అన్నారు. ఆ తరవాత మోకాళ్ల మీదికి కూలి, నా పక్కనే, నా భుజానికి ఆయన భుజం తగిలేలా, పడిపోయారు.

చప్పట్లు మోగాయి.

“అబ్బా! ఇది ఇందాకటి దానికంటే బావుంది!” అన్నాడొకడు. “మాస్టారు రెండో ఆట వేశారర్రా,” అన్నాడు ఇంకొకడు. లింగేశ్వరరావయితే ఫోను తీసి చిత్రీకరించడం మొదలుపెట్టాడు. జీవితంలో మొదటిసారిగా నాకు నోరు లేనందుకు కాదు, ఉన్నది తెరిచి ఉండి కూడా పనికిరానందుకు దుఃఖం కలిగింది. పన్నెండు వేల మరణాల అనుభవంతో చెబుతున్నాను, అది నటన కాదు. నటనలో ఆయన ఎన్నడూ పత్రాన్ని నలగనిచ్చేవారు కాదు. ఇప్పుడు అది ఆయన వీపు కింద ఉంది.

దాన్ని చూసినది నూకరత్నం ఒక్కతే. వరస తప్పించుకుని వచ్చి ఆయన భుజాలు తట్టింది. “మాస్టారూ! మాస్టారండీ! ఇనపడతాందా?” ఆయన గొంతులోంచి గురకలాంటి శబ్దం ఒకటి వచ్చింది, కాసేపాగి మరొకటి.

“అదిగో, ఊపిరాడతంది. గుర్రెడతన్నాడు,” అన్నాడు లింగేశ్వరరావు.

“అది ఊపిరి గాదండి, కొసరు! పదమూడో ప్రశ్న, మర్చిపోయేరా? సత్యవేణీ, నూటెనిమిదికి ఫోన్ చెయ్యి. నువ్వే చెయ్యి, ఇంకోళ్లకి చెప్పకు!” అంటూ ఆవిడ చొక్కా గుండీలు తెంపింది.

పదమూడో ప్రశ్నకు సరైన జవాబు నాకు తెలుసు. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో వచ్చే ఆ ఎగశ్వాస ఊపిరి కాదు. దాన్ని చూసి ఆగిపోకూడదు. ఆ ప్రశ్నకు లింగేశ్వరరావు కూడా సరైన జవాబే రాశాడు. రాతలో తెలిసిన విషయం చేతుల దాకా దిగడానికి కొందరిలో మెట్లు లేవు.

ఆవిడ మొదలుపెట్టింది. మోచేతులు వంచకుండా, ఒంటి బరువంతా మోపి, గోడ అవతల కోత యంత్రం కొట్టే దెబ్బకు దెబ్బగా. “...పది, పదకొండు, పన్నెండు. ఒక పేకెట్టు!” ఎడమ చేయి ఒక్క క్షణం తత్తరపడి, మళ్లీ చోటికి చేరింది. “...పన్నెండు. రెండు పేకెట్లు! ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, అర! ఊదండి లింగేశ్వర్రావుగారూ!”

“నేనా?”

“ఏటా సట్టిఫికెట్టు తీసుకుంటారు గదా, ఊదండీ!”

పాపం, స్పిరిటు తెచ్చుకునే వ్యవధి లేదు. మాస్టారి నస్యం అంటిన మీసం మీద, నా ముఖం మీది ప్లాస్టిక్ తెరను లాక్కుని పరిచి, కళ్లు మూసుకుని ఆయన ఊదాడు. సరిగానే ఊదాడు, ఛాతీ లేచింది. లోకం ఆయనను గుర్తుంచుకోవలసింది ఆ రెండు ఊపిరులతోనని నా అభిప్రాయం.

రెండో విడతలో త్రివిక్రమరావుగారి ఛాతీలోంచి ‘టక్’ మన్న శబ్దం వచ్చింది. అది పక్కటెముక. నూకరత్నం తలూపింది, లోతు సరిపోయిందన్నట్టు. నా ఇన్నేళ్ల బోధన ఒక మనిషి శరీరంలో ప్రతిధ్వనించిన క్షణమది. గర్వించాలో, క్షమాపణ చెప్పుకోవాలో తెలియలేదు.

ఇంతలో ఎవడో పరుగున వచ్చి నా సహోద్యోగిని ఆయన పక్కన పెట్టి మీట నొక్కాడు. ఆ మహారాజు తడుముకోకుండా, రోగి ఎవరో కనుక్కోకుండా, తన అలవాటైన గొంతుతో ఆజ్ఞలు ఆరంభించాడు. అందరూ భక్తితో రెండడుగులు వెనక్కి వేశారు.

నూకరత్నం నొక్కడం ఆపలేదు. “అది ఉత్తుత్తిదిరా బాబూ! అరుత్తది గానీ ఏం చెయ్యదు! అసలుది మేనేజరు గదిలో, అద్దాల బీరువాలో ఉంది!”

అసలుదానిది వేరే గాథ. అది ఖరీదైనది కనుక దాన్ని ఎవరూ ముట్టకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆయుధపూజనాడు మాత్రం బయటికి తీసి, పసుపు పూసి, కుంకుమబొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, మళ్లీ లోపల పెట్టేవారు. దాన్ని వాడవచ్చునన్న ఆలోచన ఆ కర్మాగారంలో ఎవరికీ రాలేదు. దేవుడి పటాన్ని విసనకర్రగా వాడదామని ఎవరికి తోస్తుంది? తాళంచెవి సెలవులో ఉన్న గుమాస్తా దగ్గర ఉంది. మేనేజరు గదికి పరుగెత్తిన సత్యవేణి తాళంతో వాదించలేదు. అయిదు కిలోల బిస్కట్ల డబ్బా ఎత్తి బీరువా అద్దం పగలగొట్టింది. ఆ చప్పుడు నాకు భోజనశాల దాకా వినిపించింది. అంత చక్కని సంగీతం నేను వార్షికోత్సవాల్లో కూడా వినలేదు.

యంత్రం వచ్చింది, నుదుటన ఎండిన కుంకుమతో. కుడి కాలర్ ఎముక కింద షాకు అందించే ఒక జిగురు అట్ట, ఎడమ చంక కింద ఒక అట్ట, ఒంటికి నేరుగా అంటించారు. యంత్రం ఆంగ్లంలో ఏదో చెప్పింది. దూరంగా ఉండమని దాని తాత్పర్యం. “ఎవరూ ముట్టుకోవద్దు! సత్యవేణీ, కాలు తియ్!” నూకరత్నం చేతులు పైకెత్తి అందరినీ ఒకసారి కలయజూసి, మీట నొక్కింది. నా పక్కనున్న శరీరం చిన్నగా ఎగిరిపడింది. నా భుజానికి తగిలిన ఆ అదురు నాకు ఇప్పటికీ తెలుస్తుంది. మరుక్షణం ఆవిడ చేతులు మళ్లీ ఛాతీ మీద ఉన్నాయి. నాలుగో విడత, రెండో ప్యాకెట్టు సగంలో, త్రివిక్రమరావుగారు మూలిగారు. చేయి కదిపి, నూకరత్నం మణికట్టు పట్టుకుని తోయబోయారు.

ఆవిడ వెనక్కి కూలబడి ఏడ్చింది. లింగేశ్వరరావు ఆవిడకంటే బిగ్గరగా ఏడ్చాడు. నూట ఎనిమిది బండి వచ్చింది, ఆయన్ను తీసుకెళ్లింది. ఆ హడావిడిలో నన్ను ఎవరూ లేపలేదు. రెండు పూటలు ఆ దుప్పటి మీదే ఉన్నాను. ఎవరో నా మీద గోనెసంచీ కప్పారు. గౌరవంతోనే అనుకుంటాను.

ఇది సుఖాంతమని మీరు పుస్తకం మూయబోతున్నారని తెలుసు. మీకు మార్కుల పత్రం సంగతి తెలియదు. నూకరత్నం పరీక్ష జరగలేదు. జరగని పరీక్షకు ఫలితం ఉండదు. ఫలితం లేకపోతే నెలాఖరుకు కుర్చీ తోడల్లుడి తమ్ముడిది. మరో పరీక్షాధికారిని పంపమని రాస్తే, సంస్థ, ఉన్న అధికారి కోలుకునేదాకా ఆగమంది. ఆగమని కర్మాగారాన్ని ఒప్పించినది లింగేశ్వరరావని విని నేను ఆశ్చర్యపోలేదు. ఆ రెండు ఊపిరులు ఊదినప్పుడు ఆయన లోపల కూడా కొంత గాలి మారి ఉంటుంది.

ఏడు వారాలకు త్రివిక్రమరావుగారు వచ్చారు. చిక్కిపోయారు, మీసం నెరిసింది, దగ్గు వస్తే ఛాతీకి దిండు అదుముకుంటున్నారు. కుర్చీలో కూర్చుని కొత్త పత్రం తీశారు. భోజనశాల నిండా జనం.

“నూకరత్నం, మొదలుపెట్టమ్మా,” అని నన్ను చూపించారు.

సత్యవేణి ఊరుకోలేదు. “మళ్లీ పరీక్షేంటండీ? మిమ్మల్ని బతికించింది చాల్లేదా? బొమ్మ మీద చెయ్యాలా ఇంకా?”

“చాలుతుందమ్మా. కానీ నేను చూడలేదు. చూడనిదానికి మార్కులు వేయడం నియమ విరుద్ధం. ఆ సమయంలో నేను...” తగిన మాట కోసం వెతికి, “విధుల్లో లేను,” అన్నారు.

జనం గోల చేశారు. ఆయన కళ్లజోడు సరిచేసుకున్నారు. “ఒక్క గడి మాత్రం ఇప్పుడే నింపగలను,” అని, ‘లోతు’ అన్నచోట కలం పెట్టి, పైకి చదువుతూ రాశారు: “సరిపోయింది. అనుభవపూర్వకంగా ధ్రువీకరించడమైనది. మూడు పక్కటెముకలు.”

నవ్వులు ఆగాక నూకరత్నం నా పక్కన మోకరిల్లింది. భుజాలు తట్టింది, పిలిచింది, ఊపిరి చూసింది, ఫోను చేయమంది, నొక్కడం మొదలుపెట్టింది. ఒక ప్యాకెట్టు, రెండు, అర. రెండు ఊపిరులు. నకిలీ సహోద్యోగి నా ఒంటికి అంటుకుని, ఇవ్వని షాక్‌ను ఇచ్చానని ప్రకటించాడు. మళ్లీ నొక్కుళ్లు. త్రివిక్రమరావుగారి కలం గడి తరవాత గడి దిగుతూ వచ్చింది.

“చాలమ్మా,” అన్నారు.

ఆవిడ ఆపలేదు.

“చాలు నూకరత్నం, అయిపోయింది.”

“లేవలేదు గదండీ,” అంది ఆవిడ, నా ముఖంలోకే చూస్తూ. చెమట నా బుగ్గ మీద పడింది. “ఊపిరాడ్డం లేదు గదా. ఎలా ఆపమంటారు?”

నన్ను నొక్కినవారు ఎందరో. మాస్టారు ‘చాలు’ అనగానే అందరూ చేతులు దులుపుకుని లేచారు, నన్ను చచ్చినవాణ్ణి చచ్చినట్టే వదిలి. అందులో వారి తప్పేమీ లేదు, నేను లేవనని వారికి తెలుసు. నేనూ ఎన్నడూ నొచ్చుకోలేదు. కానీ నన్ను వదలనని ఒకరు మొండికేస్తే ఎలా ఉంటుందో కూడా ఆ మధ్యాహ్నం దాకా నాకు తెలియదు.

త్రివిక్రమరావుగారు పత్రంలో చిట్టచివరి గడి వైపు చూశారు. ‘ఎప్పుడు ఆపవలెను?’ ఇన్నేళ్లలో ఆయన దాన్ని ఆలోచించకుండా నింపుతూ వచ్చిన గడి. రోగి ఊపిరి పీల్చినప్పుడు, లేదా సహాయం అందినప్పుడు. ఆయన దిండు ఛాతీకి అదుముకుని మెల్లగా లేచారు. నడిచి వెళ్లి భోజనశాల తలుపు తెరిచి, బయటికి తొంగిచూసి, వెనక్కి తిరిగారు.

“నూట ఎనిమిది వచ్చిందమ్మా,” అన్నారు. “ఇంక వాళ్లు చూసుకుంటారు.”

అప్పుడు ఆపింది.

ఆయన ఇరవై అయిదో మార్కు వేసి సంతకం చేశారు. నూకరత్నం నేల మీదే ఉండిపోయి, మడమలు పట్టుకుని లేవబోతుంటే, ఆయన తన కుర్చీని చప్పుడు చేస్తూ ఆవిడ దాకా లాక్కొచ్చారు. ఆవిడ అటూ ఇటూ చూసింది. సూపర్‌వైజరు అక్కడే ఉన్నాడు.

“కూకోవచ్చాండీ?” అంది.

“కూర్చో,” అన్నాడు లింగేశ్వరరావు.